గోల్కొండలో మేం కొట్టిన చప్పట్లు

గోల్కొండ గురించి మా తిరువూరులో ఎవరికి ఏ అనుమానం వచ్చినా మా బావనే అడుగుతారు. ఆయన హైదరాబాదులో ఉద్యోగం చేసి వచ్చిన మనిషి కదా. పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లే టీచర్లు ఆయన్నే అడుగుతారు. కొత్తగా పెళ్లయిన జంటలు ఆయన్నే అడుగుతారు. మొన్నామధ్య మా చర్చిలో పెద్దవాళ్ల చేత పాత సంగతులు చెప్పిస్తూ, హైదరాబాదు కబుర్లకు మళ్లీ ఆయన్నే లేపారు. నేను సరిగ్గా ఆయన వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఒక్కరంటే ఒక్కరు నా వైపు తిరిగి, "మీరూ వెళ్లారట కదండీ" అనలేదు. ఆయన మాట్లాడినంతసేపూ ఆయన బట్టతల చూస్తూ కూర్చున్నాను. గోల్కొండ దగ్గరకు వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకుని, సమాధుల మీదుగా తిరిగి సాలార్జంగు మ్యూజియంలోకి వెళ్లిపోయాడు. అక్కడ ఆయన దాటేసింది ఏమిటో చర్చిలో నాకు తెలుసు, ఆయనకు తెలుసు, ఆయన పక్కన కూర్చున్న మా అక్కకు తెలుసు. ఎవరూ అడగరు కాబట్టి అడక్కుండానే రాస్తున్నాను.

ఇది డెబ్భైల్లో సంగతి. నేను అప్పుడే ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేరాను. నా స్నేహితుడి ఊరు పెనుగొలను. నాతోపాటే అదే స్కూల్లో చేరి, చర్చి వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఆదివారం ఆరాధనలో పాటలు ఎత్తుకునేది వాడే. వాడికొక పద్ధతి ఉండేది. పల్లవి ఒకసారి పాడి, దాని తాళం చప్పట్లతో వేసి చూపించి, సంఘం అందుకునేదాకా వేస్తూనే ఉండేవాడు. జనం బద్ధకించినా, పిల్లలు ఏడ్చినా, పాస్టరు అయ్యగారు గడియారం చూసుకున్నా సరే, అందరి చేతులూ కలిసేదాకా వాడు రెండో చరణానికి వెళ్లేవాడు కాదు.

మా బావ అప్పటికి మా అక్కను చేసుకుని ఏడాదయింది. హైదరాబాదులో గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి మా ఊరికి బదిలీ అయ్యాడు. ఆరాధన అయ్యాక చర్చి ముందు నిలబడి ఆయన పట్నం గురించి చెబుతుంటే జనం చుట్టూ మూగేవారు. నేనూ మూగేవాణ్ణి. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు, ఆయనే తెచ్చుకున్నాడు.

గోల్కొండ కోట సింహద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద వినపడుతుందని మూడో తరగతి పిల్లలకు పాఠం చెప్పాను. ఆ పిల్లల్లో ఎవరో వెళ్లి మా బావను అడిగారు. ఆయన నవ్వి, "మీ మాస్టారు గోల్కొండ ఎప్పుడు చూశాడర్రా?" అన్నాడట. సోమవారం నేను క్లాసులోకి అడుగుపెట్టగానే వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో "వినపళ్లేదు సార్" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆ తర్వాత నేను ఎక్కం చెప్పినా, నది పేరు చెప్పినా, నిజమేనా అన్నట్టు నా మొహంలోకి చూసేవాళ్లు. టీచరు మాట మీద పిల్లలకు నమ్మకం పోతే అతని చేతిలో మిగిలేది సుద్దముక్క ఒక్కటే.

మరుసటి ఆదివారం చర్చి ముందు బావే మొదలుపెట్టాడు.

"ఏమోయ్ బావమరిదీ, పిల్లలకి కట్టుకథలు నేర్పుతున్నావంట?"

"కట్టుకథ కాదు బావగారూ. పుస్తకంలో ఉంది."

"ఆ రాసినాయన గోల్కొండ ఎక్కాడో లేదో నీకు తెలుసా? నేనెక్కాను. పైన నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డా ఏమీ వినపళ్లేదు."

"మరి అంతమంది విన్నామంటున్నారే?"

"పైన ఒక మనిషిని దాచిపెడతారయ్యా. కింద గైడు కొట్టగానే పైన వాడు గోడ చాటు నుంచి కొడతాడు. మీలాంటి వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు."

"కింద కొట్టినట్టు పైవాడికి ఎలా తెలుస్తుంది?"

"తువ్వాలు ఊపుతారు."

"అంత దూరం నుంచి తువ్వాలు కనపడుతుందా?"

"తువ్వాలే కనపడనంత దూరం నుంచి చప్పట్లు వినపడతాయా?"

జనం ఒకటే నవ్వు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. అందులో ముగ్గురు నా పెళ్లికి వచ్చి భోంచేసి వెళ్లారు, అప్పుడూ నేను మర్చిపోలేదు.

"నేను వెళ్లి వింటాను" అన్నాను. "విన్నానంటే మీరు ఇదే చోట, ఇదే జనం ముందు, వినపడుతుంది, నేను చెప్పింది తప్పు అని ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటానయ్యా, దానికేం. ముందు విజయవాడ దాటు."

ఆ ఆఖరి మాటతో నా ప్రయాణం ఖాయమైపోయింది.

నా స్నేహితుడు ఆ గొడవంతా వింటూ పక్కనే ఉన్నాడు. వాడికి మా బావ తప్పైనా ఒప్పైనా పట్టలేదు. "నేనూ వస్తానురా, రెండంతస్తుల బస్సు ఎక్కాలి" అన్నాడు. క్రిస్మస్ పాటల అభ్యాసం మధ్యలో వదిలి వస్తున్నాడని అయ్యగారు సణిగారు. ఆదివారానికి తిరిగి వచ్చేస్తామని మాటిచ్చి బయల్దేరాం.

తిరువూరు నుంచి విజయవాడ బస్సు, అక్కడి నుంచి రైలు. రైల్లో కిటికీ పక్క సీటు నాది. ఒకాయన వచ్చి, కొంచెం గాలి కావాలి బాబూ అని కూర్చుని సికింద్రాబాదు దాకా లేవలేదు. పైగా చలిగా ఉందని కిటికీ మూసేశాడు. లాడ్జిలో గుమాస్తా "ఏ ఊరు?" అన్నాడు. తిరువూరన్నాను. "అదెక్కడ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మా వాడు "విజయవాడ పక్కనండి" అన్నాడు. గదిలోకి వెళ్లాక అడిగాను, "మనం విజయవాడ పక్కన ఉన్నామా, విజయవాడ మన పక్కన ఉందా?" అని. వాడు మఫ్లరు తల చుట్టూ చుట్టుకుంటూ, "ఇంత చలిలో నీకు కోపం ఎలా వస్తుందిరా?" అన్నాడు.

చలి మాత్రం నిజమే. మా వైపు చలి తెల్లవారుజామున పత్తిచేల మీద కాసేపు నిలబడి, ఎండ పొడగానే వెళ్లిపోతుంది. హైదరాబాదులో నీడలోకి అడుగు వేస్తే మధ్యాహ్నమైనా అక్కడే కూర్చుని ఉంటుంది. మా వాడు క్రిస్మస్ కోసం వాళ్లక్క అల్లిన కొత్త ఎర్ర స్వెట్టరు ముందే వేసేసుకున్నాడు. దాని చేతులు పొడుగై వేళ్లు దాటి వేలాడేవి. ఆ స్వెట్టరుతోనే రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటు పట్టుకుని, చెట్టుకొమ్మ అద్దానికి తగలబోయిన ప్రతిసారీ తల వంచేవాడు. చార్మినారు ఎక్కి, "గాజుల కొట్లు ఇన్నుంటే ఈ ఊళ్లో పని ఎవరు చేస్తారు?" అన్నాడు. ఇరానీ హోటల్లో టీ సాసర్లో పోసుకుని శబ్దం చేస్తూ తాగాడు. పక్క బల్ల వాళ్లు చూసి నవ్వుతారేమోనని చూశాను. వాళ్లూ అలాగే తాగుతున్నారు. మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ కోసం అందరితోపాటు గడియారం ముందు నిలబడ్డాం. ఆ బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టాక జనానికి సలాం చేస్తుందని మా బావ చెప్పి ఉన్నాడు. అది గంట కొట్టి లోపలికి వెళ్లిపోయింది. సలామూ లేదు, ఏమీ లేదు. మా వాడి మోచేతి మీద పొడిచాను. "చూశావా?" వాడు ఆ బొమ్మనే చూస్తూ, "ఎంత ముద్దుగా ఉందిరా" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున్నే సిటీ బస్సులో గోల్కొండకు వెళ్లాం. సింహద్వారం దగ్గర గైడొకడు మమ్మల్ని పట్టుకున్నాడు.

"గైడు లేకుంట ఏం సమజైతది సార్? చప్పట్లు నేను కొడత, మీరు పైనకెల్లి వినుండ్రి."

"చప్పట్లు మేమే కొట్టుకుంటాం" అన్నాను.

"మీరు కొడ్తె వినపడదు. దానికో పద్ధతుంటది."

గైడు కొడితేనే వినపడుతుందంటే మా బావ చెప్పిందే నిజమేమో. మా వాడు నా మొహం చూసి, ద్వారం కప్పు కిందికి వెళ్లి, జనం ఎక్కడ నిలబడి కొడుతున్నారో చూసి వచ్చాడు. "చోటు తెలిసింది. నువ్వెక్కు" అన్నాడు.

"ఏ పాట తాళం వేస్తావు?"

"చెప్పను. చెబితే నీకు వినపడకపోయినా వినపడ్డట్టే ఉంటుంది. చేతిగడియారం ఇలా ఇచ్చి వెళ్లు. నువ్వు పైకి చేరేదాకా ఆగి మొదలుపెడతాను."

మనిషి మెత్తగా కనపడతాడు గానీ వాడి బుర్ర అంత చురుకు. పైన ఎవరైనా దాక్కుని కొట్టినా, మా చర్చి పాట తాళం ఆ దాక్కున్నవాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

మెట్లెక్కాను. పైకి చేరేసరికి ఒళ్లంతా చెమట, ఆ చెమట మీద చలిగాలి. పైమేడలో కరీంనగర్ నుంచి వచ్చిన కుటుంబమొకటి ఉంది. వాళ్ల గైడు వాళ్లతో పైనే ఉన్నాడు. కింద తన మనిషి కొడతాడని చెబుతుంటే, టప్ టప్ టప్ అని మూడు చప్పుళ్లు వినిపించాయి. వాళ్లు ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు. దాక్కున్నవాడి కోసం వెతకడం మొదలుపెట్టాను. కమాను వెనక చూశాను. మెట్ల మలుపులో చూశాను. వెనక గోడ చాటున నిజంగానే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

అతను నారింజపండు వలుచుకుంటున్నాడు. ఎదురుగా నిలబడి అతని చేతులే చూస్తూ ఉండిపోయాను.

"ఏం జూస్తున్నవ్ సార్?"

"మీ చేతులు."

"పండు గావాల్నా?"

వద్దన్నాను. అతను తొన విడదీసి నోట్లో పెట్టుకున్నాడు. రెండు చేతులూ రసంతో నిండిపోయి ఉన్నాయి. అప్పుడు మొదలైంది.

ముందు రెండు దెబ్బలు, చిన్న విరామం, ఒక దెబ్బ, మళ్లీ రెండు. కాలు కాస్త ఈడ్చి నడిచే మనిషి అడుగుల్లాంటి తాళం. ఆ క్రిస్మస్‌కు మా వాడు సొంతంగా కట్టిన గొర్రెల కాపరుల పాట అది. చీకట్లో రాళ్లమీద తడుముకుంటూ నడిచే కాపరుల కోసమని ఆ తాళాన్ని కావాలనే అలా కుంటించాడు. సంఘానికి ఇంకా నేర్పలేదు. లోకంలో ఆ తాళం తెలిసినవాళ్లం ఇద్దరమే, ఒకడు కొండ కింద, ఒకడు కొండ మీద. నా పక్కనే ఎవరో నిలబడి కొడుతున్నంత స్పష్టంగా ఉంది. నారింజపండు మనిషి చేతులు చూశాను. ఇంకో తొన తీస్తున్నాడు.

"విన్నారా?" అని అరిచాను.

"ఏందది, పెండ్లి మేళమా?" అంది కరీంనగర్ ఆవిడ.

"మా వాడండీ! మా తిరువూరు వాడు!"

ఇంతవరకు బాగానే ఉంది. కానీ వాడు ఆపడే! ఎప్పుడు ఆపాలో మేం అనుకోలేదు. వాడికి తెలిసిన పద్ధతి ఒక్కటే, అవతలివాళ్లు అందుకునేదాకా వేయడం. పైనుంచి నేనూ చప్పట్లు కొట్టాను. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పల్లవి అందుకున్నాను. మఫ్లరు ఊపాను. వాడు కప్పు కింద ఉన్నాడు, మఫ్లరు ఎలా చూస్తాడు? కింది శబ్దం పైకి వస్తుంది గానీ పై శబ్దం కిందికి పోలేదు. తాళం అలా వస్తూనే ఉంది. కరీంనగర్ పిల్లలు దానికి సరిగ్గా చిందులు వేయడం మొదలుపెట్టారు. వాళ్ల నాన్న కూడా చప్పట్లు అందుకున్నాడు. మొత్తానికి మా కాపరుల పాటను మొదట అందుకున్న సంఘం గోల్కొండ మీదే దొరికింది.

వాళ్ల గైడుకి ఒళ్లు మండింది. "ఎవడు వాడు? బంద్ చెయ్యమని చెప్పుండ్రి! నా పార్టీకి నా చప్పట్లు వినపడ్తలేవు!"

దిగాను. దిగానంటే దూకాను. ద్వారం దగ్గర గైడులూ, కాపలా మనిషీ మా వాడి చుట్టూ గుమిగూడి ఉన్నారు. వాడు ఎర్ర స్వెట్టరు చేతులు మోచేతుల దాకా తోసుకుని ఇంకా కొడుతూనే ఉన్నాడు. అరచేతులు కందిపోయాయి. నన్ను చూసి ఆపాడు.

"ఇంతసేపూ అందుకోరేంట్రా?"

వాడు ఇంకో మాట మాట్లాడేలోపే, "కాపరుల పాట!" అన్నాను. వాడు నన్ను పట్టుకుని ఎత్తేశాడు. పొద్దున మమ్మల్ని పట్టుకున్న గైడు మాత్రం నన్నూ మా వాణ్ణీ మార్చి మార్చి చూసి, "సహీ చెప్పిండా?" అని మా వాణ్ణి అడిగాడు. సహీ అన్నాడు మా వాడు. మేం కొడితే వినపడదన్నావే అని నేను గైడుని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు, రెండోసారి అడిగాకే వదిలాను.

ఆదివారం సాక్ష్యాల వేళ నేను లేచాను. ప్రయాణం చేసి క్షేమంగా వచ్చినవాళ్లు లేచి దేవునికి కృతజ్ఞత చెప్పడం మా చర్చిలో మామూలే. నేనూ కృతజ్ఞత చెప్పాను. క్షేమంగా తీసుకెళ్లినందుకు, క్షేమంగా తీసుకొచ్చినందుకు, గోల్కొండ కింద కొట్టిన చప్పట్లు పైన స్పష్టంగా వినిపించినందుకు. అయ్యగారు దగ్గారు. బావ రెండో బల్లలో కిటికీ వైపు చూస్తున్నాడు.

ఆరాధన అయ్యాక చర్చి ముందు ఎన్నడూ లేనంత జనం. బావ నా జోలికి రాకుండా మా వాణ్ణి పట్టుకున్నాడు.

"నువ్వు విన్నావా?"

"లేదండి. నేను కొట్టానండి."

నా వైపు తిరిగాడు. "వీడు కొట్టడం నువ్వు చూశావా?"

"చూళ్లేదు. విన్నాను."

"చూశారుగా! కొట్టినవాడు విన్లేదు. విన్నవాడు చూళ్లేదు. చెరో సగం సాక్షి. ఆ తాళం ఏదో రైల్లో మాట్లాడుకుని రాలేదని ఏంటి గ్యారంటీ? ఆ గైడునైనా వెంట తీసుకురాకపోయారా?"

మళ్లీ నవ్వులు. మా వాడు కందిన అరచేతులు చూపించాడు. "చెట్లు కొట్టినా కందుతాయి" అన్నాడు బావ. అంత దూరం వెళ్లి, అంత స్పష్టంగా విని, మా ఊళ్లో నేను మళ్లీ అబద్ధాలకోరునయ్యాను. నా క్లాసు పిల్లలు కూడా అక్కడే నిలబడి ఉన్నారు.

అప్పుడు మా అమ్మ ముందుకు వచ్చింది. అల్లుడికి ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఆయన వస్తే కొంగు సర్దుకుని తలుపు చాటుకు వెళ్లే మనిషి. ఆ రోజు కూడా మాటలో మర్యాద తప్పలేదు.

"అల్లుడుగారూ, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు పైన నిలబడ్డ రోజు కింద మీకోసం చప్పట్లు కొట్టిందెవరండి?"

జనం అంతా ఆయన వైపు తిరిగారు.

"ఎవరు కొడతారండీ? ఆఫీసుకి సెలవు, ఒక్కణ్ణే వెళ్లాను."

"అయితే ఎవరూ కొట్టలేదా?"

"ఎవరో ఒకరు కొడతారు కదా అని నిలబడ్డాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన వంగి, విడిపోని బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. మా అక్క వెళ్లి పక్కన నిలబడింది. జనంలో ఒక పెద్దాయన, "అదన్నమాట. కొట్టకపోతే ఎలా వినపడుద్దయ్యా!" అన్నాడు. మా వాడు ఇదే అదనని కాపరుల పాట పల్లవి ఎత్తుకుని తాళం మొదలుపెట్టాడు. నా క్లాసు పిల్లలే ముందు అందుకున్నారు, తర్వాత ఊరంతా. సోమవారం నేను క్లాసులోకి వెళ్లేసరికి పిల్లలు అదే తాళం వేస్తూ లేచి నిలబడ్డారు. "వినపడింది సార్!" అన్నారు. నేను చాలా సభలకు వెళ్లాను, చాలామందికి దండలు వేయడం చూశాను. అలాంటి మర్యాద ఇంకెవరికైనా జరిగిందేమో నాకు తెలియదు.

కానీ బావ ఒప్పుకోలేదు. ఓడిపోయి ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆయన చేస్తానన్నది రెండోది. గోల్కొండ మీద ఆయన ఒంటరిగా నిలబడ్డాడు పాపం అని మా అమ్మ నాకు నచ్చజెప్పింది. ఒంటరిగా నిలబడ్డందుకు జాలిపడ్డాను. ఆ ఒంటరితనాన్ని తెచ్చి నా పాఠం మీద రుద్దినందుకు పడలేదు.

కొన్నేళ్లకు మా అక్కనూ పిల్లల్నీ తీసుకుని ఆయన మళ్లీ గోల్కొండ వెళ్లాడు. తిరిగి వచ్చాక మా అక్క వంటింట్లో నాతో చెప్పింది.

"ఒరే తమ్ముడూ, నన్ను కింద నిలబెట్టి, మీ బావ ఒక్కరే పైకెక్కారు. నేను గాజులు పైకి తోసుకుని కొట్టాను. దిగొచ్చాక వినపడిందా అనడిగితే, పైన గాలి బాగుందే అన్నారు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయిరా."

"కొట్టింది నువ్వేనని తెలుసుకున్నాడా?"

"నాలుగు దెబ్బలకోసారి ఆగి గాజులు సర్దుకున్నాను. మధ్యమధ్యలో ఎందుకాగావు అని దిగాక అడిగారు."

అంటే విన్నాడు. ఆగినది కూడా విన్నాడు. అయినా ఇన్నేళ్లుగా ఆదివారం మా ఇంట్లో నా ఎదురుగా కూర్చుని భోంచేస్తూ, పులుసు బాగుందంటాడు, వాన వస్తుందంటాడు, గోల్కొండ మాట ఎత్తడు. మొన్న చర్చిలోనూ ఎత్తలేదు.

బావగారూ, మీకు కళ్లజోడు ఉంది, చదవగలరు. అక్క చేత చదివించుకోవద్దు, మీరే చదవండి. ఆ రోజు మీరు పైన నిలబడి ఉండగా కింద మా అక్క కొట్టిన చప్పట్లు మీకు వినపడ్డాయా, లేదా? నాకు విడిగా చెప్పనక్కర్లేదు. అక్కతో కబురు పంపొద్దు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందుకు రండి, నవ్వినవాళ్లలో మిగిలినవాళ్లను నేను పిలుచుకొస్తాను. అందరి ముందూ ఒక్క ముక్కలో జవాబు చెప్పండి.